రోజుకు 600 కిలోమీటర్లు బైకు మీద: అనంతపురం నుంచి వేసిన లెక్క

మొదటిసారి కన్యాకుమారికి బయల్దేరే ముందు బండి సర్వీసింగ్‌కు ఇచ్చాను. చెయిన్ బిగిస్తూ మెకానిక్ అడిగాడు, "యాడికి సామీ, ఇంత తయారీ?" అని. చెప్పాను. "ఎన్ని దినాల్లో పోతావు?" రెండే అన్నాను. తల ఎత్తకుండానే, "బండి పోతాదిలే, నువ్వు పోతావా?" అన్నాడు.

అప్పుడు నవ్వుకున్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం మూడున్నరకు కరూరు దాటాక నవ్వు రాలేదు. కడుపు నిండా భోజనం చేసి బండెక్కిన నాకు, రోడ్డు మధ్య తెల్ల గీత ముందు చక్రం కిందికి ఎప్పుడొచ్చిందో తెలియలేదు. వెనక లారీ హారన్ కొట్టింది కాబట్టి బతికాను. అంతకుముందు నేను లెక్క వేసుకున్నది దూరం, పెట్రోలు, ఖర్చు మాత్రమే. మనిషి లెక్క వేయలేదు.

తర్వాత 600 దాటిన రోజులు చాలానే చేశాను. మన ఊరు దానికి వీలైన చోట ఉంది. 44వ నంబర్ జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోతూ మన పక్కనే వెళ్తుంది. ఇక్కణ్ణుంచి బెంగళూరు సుమారు 215, కర్నూలు 150, హైదరాబాదు 360 కిలోమీటర్లు. కింద అనంతపురం నుంచి దక్షిణానికి వేసిన లెక్క ఉంది. కర్నూలు, కడప వాళ్ళు దారి మార్చుకుంటే లెక్క అదే. పెద్ద రోజు అంటే నా ఉద్దేశం 500 నుంచి 650. 24 గంటల్లో 1,600 కిలోమీటర్లు తొక్కి సర్టిఫికెట్ తెచ్చుకునే అమెరికా పద్ధతి ఒకటుంది, మన దేశంలోనూ చేసేవాళ్ళున్నారు. ఇది దాని గురించి కాదు.

మొదటి మెట్టు: వెలుతురు ఎన్ని గంటలో చూడండి

మ్యాప్ తెరిచి దూరం కొలవకముందే, బయల్దేరే నెలలో సూర్యుడు ఎప్పుడొస్తాడో, ఎప్పుడు పోతాడో చూడండి. అనంతపురంలో డిసెంబరులో ఆరున్నర దాటాక తెల్లవారి, ఆరు లోపే పొద్దు గూకుతుంది. అంటే పదకొండుంపావు గంటలు. మే నెలలో ఆరు లోపే వెలుతురొచ్చి, సాయంత్రం ఆరూ నలభై దాకా ఉంటుంది. అంటే పన్నెండున్నర గంటల పైమాటే. కానీ ఆ మేలో మధ్యాహ్నం నాలుగు గంటలు ఎండకు రాసివ్వాల్సిందే. కాబట్టి పొడుగు పగలు ఉన్న నెలలోనే మనకు తక్కువ టైమ్ దొరుకుతుంది. ఈ సీమలో పెద్ద రోజులకు నవంబరు నుంచి ఫిబ్రవరి నడుమ కాలం మంచిదని నేను చెప్పేది అందుకే. మేలో 600 ఎవరైనా చేస్తానంటే వద్దనే అంటాను.

చలికాలంలో కొంత చీకట్లో నడపక తప్పదు. ఆ చీకటిని తెల్లవారుజామునే వాడుకోండి, సాయంత్రానికి పెట్టుకోవద్దు. పొద్దున మీరు నిద్ర లేచి తాజాగా ఉంటారు, మొదటి గంట దారి మీకు తెలిసిన దారే. సాయంత్రం అలసిపోయి, తెలియని ఊరి శివార్లలో, వెనక లైటు లేని ట్రాక్టర్ల నడుమ ఉంటారు. అట్లాగని మూడింటికే లేచి పరుగెత్తకండి. రెండు నుంచి ఐదు దాకా లారీ డ్రైవర్లకు నిద్ర ముంచుకొచ్చే టైమ్. నేను ఐదింటికి బండి తీస్తాను.

రెండో మెట్టు: మీ సగటు ఎంతో కర్నూలుకు పోయి తెలుసుకోండి

"నేను ఎనభైలో పోతా, ఆరొందలకు ఏడున్నర గంటలు" అనే లెక్క కాగితం మీదే పనిచేస్తుంది. నాలుగు లైన్ల రోడ్డు మీద ముల్లు 80 దగ్గరే పట్టుకున్నా, ఫ్లైఓవర్ పనులు, ఊళ్ళు, లారీలు కలిపి బండి కదిలే సగటు 65 దాటదు. డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డుపై బైకుకు గరిష్ఠ వేగం కూడా 80గానే నిర్ణయించారు. ఆగడాలు కలిపితే సగటు 50, 55. రెండు లైన్ల రోడ్డయితే 40. ఘాట్ అయితే 25 వేసుకోండి. 100, 125 సీసీ బండ్లకు నాలుగు లైన్ల మీద కూడా 45కు మించి లెక్క పెట్టుకోవద్దు.

ఇవి నా అంకెలు. మీవి మీరే కనుక్కోవాలి. ఒక ఆదివారం పొద్దున అనంతపురం నుంచి గుత్తి, డోన్ మీదుగా కర్నూలుకు పోయి, తుంగభద్ర చూసి, ఉగ్గాని బజ్జీ తిని వెనక్కి రండి. మొత్తం 300. ఇంటి గేటు నుంచి ఇంటి గేటు దాకా ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. కడప వాళ్ళకయితే నంద్యాల మీదుగా కర్నూలు పోయిరావడం 400, మొదటి పరీక్షకు కొంచెం ఎక్కువే. ఆళ్ళగడ్డ దాకా పోయి తిరగండి. ఎక్కడ నొప్పి పుట్టిందో కూడా రాయండి. మణికట్టా, మెడా, నడుమా, సీటా? 300కే మణికట్టు లాగుతుంటే హ్యాండిల్ కోణమో, క్లచ్ లివరు ఎత్తో సరిగ్గా లేనట్టు. ఇక్కడ సరిచేయించుకుంటే పది నిమిషాల పని. దిండిగల్ దగ్గర అది మీ రోజంతా తినేస్తుంది. ఆ తర్వాత మొదటి పెద్ద రోజు, ఈ పరీక్ష దూరానికి ఒకటిన్నర రెట్లు మించకూడదు. 300 హాయిగా చేస్తే 450. అది హాయిగా చేస్తే 600.

మూడో మెట్టు: టైమ్ ఎక్కడ పోతోందో పట్టుకోండి

ఈ వ్యాసంలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి.

600 కిలోమీటర్లు, కదిలే సగటు 65 అంటే బండి మీద తొమ్మిదింపావు గంటలు. ఇప్పుడు ఇద్దరిని ఊహించుకోండి. ఒకడు ఎనిమిది సార్లు ఆగాడు, ఆగిన ప్రతిసారీ ఇరవై ఐదు నిమిషాలు. టీ, ఫోను, సెల్ఫీ, ఇంకో టీ. మొత్తం మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇంకొకడు ఆరు సార్లు ఆగాడు, తడవకు పది నిమిషాలు. ఒక్క గంట. తేడా రెండు గంటల ఇరవై నిమిషాలు. మొదటివాడు దాన్ని వేగంతో పూడ్చాలంటే కదిలే సగటు 87 కావాలి. అంటే ముల్లు వంద దాటి ఎక్కడో ఉండాలి. పొద్దున ధాబా దగ్గర పోగొట్టుకున్న టైమ్ కోసం సాయంత్రం ప్రాణం పణంగా పెట్టి తోలేది ఇట్లాగే.

ఆగొద్దని చెప్పడం లేదు. ఆగకుండా తోలేవాడు ఇంకా ప్రమాదం. గంటన్నరకు ఒకసారి దిగాల్సిందే. కాకపోతే ఆగిన చోట పనులన్నీ కలపండి. పెట్రోలు, ఒంటేలు, నీళ్ళు, చెయిన్ మీద ఒక చూపు, రెండు నిమిషాలు నడక, అన్నీ ఒకే బంకులో. నా దగ్గర ఒక మొరటు నియమం ఉంది. హెల్మెట్ తీసే ఆగడాలు రోజుకు మూడే. మిగతావి హెల్మెట్ తీయకుండానే. హెల్మెట్ తీసి అద్దం మీద పెట్టామంటే ఇరవై నిమిషాలు పోయినట్టే, ఎందుకో మరి.

గుంపుగా పోతే ఈ లెక్క ఇంకా పాడవుతుంది. ఐదుగురిలో ఒకడికి టీ, ఇంకొకడికి సిగరెట్, మూడోవాడు గ్లవ్ మరిచిపోయాడు. ఎవరి ట్యాంకు చిన్నదో ఆ బండి దూరానికే అందరూ కలిసి పెట్రోలు పట్టించుకోవాలని ముందే ఒప్పందం చేసుకోండి. నలుగురు దాటితే పెద్ద రోజు పెట్టుకోకండి.

నాలుగో మెట్టు: చీటీ రాయండి

ఫోనులో మ్యాప్ ఉన్నా, ట్యాంకు మీద అతికించడానికి ఒక కాగితం చీటీ రాస్తాను. ఎన్నింటికి ఎక్కడ ఉండాలి, ఎక్కడ పెట్రోలు, అంతే. అనంతపురం నుంచి మధురై, దాదాపు 650 కిలోమీటర్ల రోజుకు నా చీటీ ఇది.

ఐదింటికి బయల్దేరడం. ట్యాంకు ముందు రోజు సాయంత్రమే ఫుల్. పెనుకొండ కొండ కనపడేసరికి ఆరు దాటుతుంది. ఏడున్నర లోపు బాగేపల్లి దాటాక ఇడ్లీ. ఎనిమిదిన్నరకు దేవనహళ్ళి.

అక్కడే అసలు చిక్కు. తొమ్మిదింటికి బెంగళూరులోకి దిగితే ట్రాఫిక్ హెబ్బాళ జంక్షన్ దగ్గర మొదలై, సిల్క్ బోర్డు జంక్షన్ దాటేసరికి రోజు సగం అక్కడే పోతుంది. అందుకని దేవనహళ్ళి దగ్గరే హైవే విడిచి సూలిబెలె, హొస్కోటె, మాలూరు మీదుగా హోసూరు చేరతాను. రోడ్డు చిన్నదే, లారీలున్నాయి, కానీ కదులుతూ ఉంటాం. ఇంకో దారి అసలు బెంగళూరు వైపే పోకుండా కదిరి, మదనపల్లె, కుప్పం మీదుగా కృష్ణగిరి. దూరం ఇంచుమించు అంతే. చూడముచ్చటైన దారి, కానీ రెండు లైన్ల చోట్లు ఎక్కువ, టైమ్ కూడా ఎక్కువ. తొందర లేనప్పుడు అదే నాకిష్టం.

హోసూరు పదిన్నర, పెట్రోలు. కృష్ణగిరి పదకొండున్నర. ధర్మపురి దాటాక తోప్పూరు ఘాట్ వస్తుంది. సేలం వైపు దిగే ఈ వాలులో బ్రేకులు పట్టక లారీలు గుద్దుకున్న ప్రమాదాలు చాలా జరిగాయి. అక్కడ ఏ లారీ ముందూ ఎక్కువసేపు ఉండకండి, దారిచ్చి పంపేయండి. ఒంటిగంటకు సేలం. తేలిక భోజనం, ఇరవై నిమిషాల కునుకు. మూడున్నరకు కరూరు, ఐదుకు దిండిగల్, ఆరుంపావుకు మధురై.

చీటీలో నేను ఎర్ర సిరాతో రాసేది ఒక్కటే: "సేలం రెండు దాటితే దిండిగల్‌లోనే పడక." రోజు జారిపోతోందని ఒప్పుకునే చోటు, టైము ముందే తేల్చుకుని ఉండాలి. సాయంత్రం అలసిన బుర్ర "ఇంకో అరవైయేగా" అంటుంది. దాని మాట వినకూడదు. అందుకే గది డబ్బులు కట్టి ముందే బుక్ చేయను. కట్టేశాక చీకట్లో అయినా తోలతాం.

ఉత్తరం పోయే కర్నూలు వాళ్ళకు ఒక మాట. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకులను రానివ్వరు. పక్కన సర్వీస్ రోడ్డు ఉన్నంత మేర దాన్ని పట్టుకోవాలి, లేదా తెల్లవారుజామున సిటీలోంచి దాటాలి. మైసూరు పోయేవాళ్ళకు బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీద 2023 ఆగస్టు నుంచి బైకులకు ప్రవేశం లేదు. అక్కడా సర్వీస్ రోడ్డే. బందీపూర్ అడవి దారులు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మన నల్లమలలో శ్రీశైలం దారులకూ రాత్రి గేట్లు వేస్తారు. ఇలాంటి గేటు ఒక్కటి చీటీలో లేకపోయినా రోజు మొత్తం తారుమారవుతుంది. టోల్ గేట్లతో మనకు పని లేదు, జాతీయ రహదారుల మీద బైకుకు టోల్ ఉండదు.

పెట్రోలు లెక్క: 13 లీటర్ల ట్యాంకున్న 350 సీసీ బండి సామానుతో, గాలికి ఎదురుగా లీటరుకు 30 ఇస్తుందనుకోండి. కాగితం మీద 390 పోతుంది, నేను 250కే పట్టిస్తాను. స్ప్లెండర్ లాంటిదైతే 400 దాకా నిశ్చింత. రిజర్వ్ పడ్డాక బంకు వెతుక్కునే టెన్షన్ ఎందుకు?

ఐదో మెట్టు: పెద్ద రోజు పక్కన చిన్న రోజు

600, 600, 600 అని వరసగా రాసుకున్న ప్లాను మూడో రోజున విరుగుతుంది. మొదటి రోజు అలసట ఆ రాత్రి నిద్రతో పూర్తిగా పోదు. పై ప్లానులో మధురై చేరిన మర్నాడు కన్యాకుమారికి 245 కిలోమీటర్లే ఉండేలా చూసుకున్నాను. దారిలో కోవిల్‌పట్టి వస్తుంది. అక్కడి పల్లీపట్టీ, వాళ్ళు కడలై మిఠాయి అంటారు, 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. చెనక్కాయ పండించేది మనం, పేరు వాళ్ళది అనుకుంటూ అరకిలో కొనుక్కునేంత తీరిక ఉండాలి రెండో రోజు.

తిరుగు ప్రయాణం చివరి రోజు వీలైనంత చిన్నది పెట్టుకోండి. సాయంత్రం ఇంటిదారి పట్టిన ఎద్దులు తోలకుండానే ఉరుకుతాయి. మనమూ అంతే. చిక్కబళ్ళాపురం దాటగానే చెయ్యి దానంతటదే ఎక్సలేటర్ తిప్పుతుంది.

ఆరో మెట్టు: బండి

సర్వీసింగ్ బయల్దేరే ముందు రోజు చేయించకండి, పది రోజుల ముందు చేయించి రెండొందల కిలోమీటర్లు తిప్పండి. సర్వీసింగ్‌లో వదులుగా వదిలేసిన బోల్టు మన ఊళ్ళోనే బయటపడాలి. టైరు అరిగి సగానికొస్తే మార్చేయండి. గాలి పొద్దున చల్లటి టైరులోనే కొట్టించాలి, ఎంతనేది చెయిన్ దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. చెయిన్‌కు 500 కిలోమీటర్లకోసారి నూనె, అంటే పెద్ద రోజున ప్రతి సాయంత్రం. వెంట క్లచ్ వైరు, పంచర్ కిట్, స్పార్క్ ప్లగ్, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు. సామాను బరువు కిందికి, ముందుకు ఉండాలి. వెనక క్యారియర్ మీద ఎత్తుగా కట్టిన బ్యాగు గాలికి బండిని ఊపేస్తుంది.

కాగితాలు డిజీలాకర్‌లో ఉంటే చాలు. హైవే మీద సాయానికి 1033, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108. బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు రాసి జేబులో పెట్టుకోండి, ఫోను లాక్ అయి ఉంటే ఎవరికీ ఉపయోగపడదు.

ఏడో మెట్టు: ఎండ, గాలి, రోడ్డు మీద పంట

మన జిల్లా దేశంలోనే బాగా తక్కువ వాన పడే చోట్లలో ఒకటి. గాలిలో తేమ ఉండదు. చెమట పట్టినట్టే తెలియదు, పట్టగానే ఆరిపోతుంది. అందుకే చెన్నై వైపు చొక్కా తడిసి జాగ్రత్తపడే మనిషి కూడా ఇక్కడ నీళ్ళు తాగడం మరిచిపోయి డోన్ దాటేసరికి తలనొప్పి తెచ్చుకుంటాడు. ఆగిన ప్రతిసారీ అర లీటరు. మూడు నాలుగు గంటలు ఒంటేలుకు పోవాలనిపించలేదంటే ఒంట్లో నీళ్ళు లేనట్టే. లీటరు నీళ్ళలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి మధ్యాహ్నానికి ఉంచుకోండి. మజ్జిగ దొరికితే ఇంకా మంచిది.

ఎండ 38 దాటితే జాకెట్ విప్పి గాలి తగలనిస్తే హాయి అనుకుంటారు. చర్మం కంటే వేడిగా ఉన్న గాలి మనల్ని చల్లబరచదు, కాలుస్తుంది. బనియన్ తడిపి తొడుక్కుని, పైన జాకెట్ వేసి జిప్పు కొంచెం తెరవండి. అరగంట చల్లగా పోవచ్చు.

జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. 44 మీద దక్షిణానికి పోతుంటే ఆ గాలి కుడివైపు నుంచి కొడుతుంది, బండిని కొంచెం అటు వంచి తోలుతుంటాం. తిరుగుదారిలో ఉత్తరానికి వస్తుంటే అదే గాలి ఎడమవైపు నుంచి కొడుతుంది. అప్పుడు లారీని దాటేటప్పుడు ఆ పక్క గాలి ఒక్కసారి ఆగిపోతుంది, దాటగానే మళ్ళీ తోస్తుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే ఇంకా ఊగుతుంది. మోకాళ్ళతో ట్యాంకు పట్టి, చేతులు వదులుగా ఉంచండి. ఈ గాలి హోరే చెవుల్లో పడి సాయంత్రానికి మనిషిని పిప్పి చేస్తుంది. ఇరవై రూపాయల ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

హైవే దిగి పల్లె రోడ్డు పట్టుకుంటే పంట కోతల టైమ్‌లో రోడ్డే కళ్ళం. ఉలవ కట్టె, కొర్ర వెన్నులు పరిచి ఉంటారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. దాని మీద బ్రేకు వేస్తే పడతాం, కట్టె చెయిన్‌లో చుట్టుకుంటుంది. ముందే వేగం తగ్గించి, నిటారుగా, బ్రేకు ముట్టకుండా దాటాలి. రైతును తిట్టకండి, కళ్ళం లేనివాడు ఎక్కడ ఆరబోస్తాడు? పొద్దున, సాయంత్రం గొర్రెల మందలు సరేసరి. ఒక గొర్రె దాటిందంటే మిగతావన్నీ దాటతాయి.

ఎనిమిదో మెట్టు: నిద్ర

80లో పోయే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలితే దాదాపు 90 మీటర్లు ఎవరూ నడపని బండి. కరూరు దగ్గర నాకు జరిగింది అదే.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒంటికి సహజంగానే మబ్బు కమ్ముతుంది. దాని మీద ముద్ద సంగటి, చెనక్కాయ చట్నీ కూడా పడితే ఇక చెప్పక్కర్లేదు. సంగటి రాత్రికి ఉంచుకోండి. పెద్ద రోజున పొద్దున ఇడ్లీ, దారిలో అరటిపండ్లు, చెనక్కాయ ఉండలు, మధ్యాహ్నం పెరుగన్నం సగం కడుపుకి.

ఆవులింతలు ఒక గుర్తు. గడిచిన పది కిలోమీటర్లు గుర్తుకు రాకపోవడం, వచ్చిన బోర్డు చదివి కూడా అర్థం కాకపోవడం, గేరు తప్పు వేయడం, ఇవి ఇంకా గట్టి గుర్తులు. పాటలు, చూయింగ్ గమ్, ముఖం మీద నీళ్ళు ఐదు నిమిషాలు పనిచేస్తాయేమో. పనిచేసేది కునుకు ఒక్కటే. బంకులో నీడ చూసుకుని, ఒక కాఫీ తాగి వెంటనే పడుకోండి. కాఫీ పనిచేయడానికి ఎట్లాగూ అరగంట పడుతుంది, మీరు ఇరవై నిమిషాల్లో లేచేసరికి రెండూ కలిసొస్తాయి. అలారం తప్పకుండా. ఒకసారి పెట్టుకోక రెండు గంటలు పడుకున్నాను, బంకు కుర్రాడు "అన్నా, సాయంత్రమైంది" అని లేపాడు. ఆ రోజు దిండిగల్‌లోనే పడక.

తొమ్మిదో మెట్టు: రాత్రి అరగంట

గది దొరకగానే మంచం మీద పడకండి. పడితే లేవరు. ముందు బండి దగ్గరే పది నిమిషాలు. చెయిన్ వేడిగా ఉన్నప్పుడే నూనె వేయండి, టైర్లలో మేకులేమైనా ఉన్నాయేమో తిప్పి చూడండి, హెడ్‌లైటు మీద, హెల్మెట్ గాజు మీద అంటిన పురుగులు తడిగుడ్డతో తుడవండి. ఎండిపోతే పొద్దున రావు. దగ్గర్లో బంకుంటే ట్యాంకు నింపండి. తర్వాత స్నానం, తిండి, మర్నాటి చీటీ. చార్జింగ్ పెట్టినవన్నీ ఒకే చోట, తాళం చెవి షూలో. సామాను ముక్కాలు భాగం రాత్రే కట్టేసి పెట్టుకోండి.

ఇంకొకటి. కిందికి పోయి లాడ్జి వాచ్‌మన్‌ను పలకరించి, పొద్దున నాలుగున్నరకు గేటు ఎవరు తీస్తారో అడగండి. మీ బండి ముందు వేరేవాళ్ళ కార్లు పెట్టకుండా చూడమనండి. నేను ఒక ఊళ్ళో అడగలేదు. ఐదింటికి హెల్మెట్ పెట్టుకుని, గ్లవ్స్ వేసుకుని, తాళం వేసిన గేటు ముందు ఆరున్నర దాకా నిలబడ్డాను.